కూచిపూడికి ఎన్ని అక్షరాలు?

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో కూచిపూడి ఉంది. ఊరి పేరు రాసిన పలక ముందు బడి పిల్లవాణ్ణి నిలబెట్టి, "ఈ పేరులో ఎన్ని అక్షరాలున్నాయి?" అని అడగండి. వాడు వేళ్ళు మడిచి "నాలుగు" అంటాడు. కూ, చి, పూ, డి. ఇందులో వాదానికి తావు లేదు. ఇదే ప్రశ్న కంప్యూటర్‌ను అడిగితే మాత్రం వేరే సమాధానం వస్తుంది. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో పంక్తులను, పదాలను, అక్షరాలను లెక్కించే 'డబ్ల్యుసి' అనే చిన్న సాధనం ఉంది. పంక్తి చివరి గుర్తును విడిచిపెట్టి ఈ పేరులోని బైట్లను లెక్కించమంటే అది 24 అంటుంది. అక్షరాలను లెక్కించమంటే 8 అంటుంది. ఎన్ని విధాల అడిగినా 4 అని మాత్రం అనదు.

యంత్రం అబద్ధమాడలేదు. దానికి నేర్పిన లెక్క అది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే సంకేత పద్ధతిని కల్పించిన యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు స్థానం ఉంది. 3072 మొదలు 3199 వరకు 128 గదులను మన లిపికి కేటాయించారు. అందులో 'క'కు ఒక గది, కొమ్ముదీర్ఘానికి మరొక గది. కాబట్టి మనకు ఒక్కటిగా కనిపించే 'కూ' యంత్రానికి రెండు గుర్తులు. నాలుగు అక్షరాలకు ఎనిమిది గుర్తులు. ఒక్కొక్క తెలుగు గుర్తును దాచడానికి మూడేసి బైట్లు పడతాయి. బైటు అంటే 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్యను దాచుకొనే చిన్న అర. ఎనిమిది గుర్తులకు ఇరవైనాలుగు బైట్లు. లెక్క సరిపోయింది. అయితే ఆ లెక్కలో మన అక్షరం లేదు.

ఈ చిన్న విషయాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మన విద్యార్థులు వేలాదిగా సి భాష నేర్చుకుంటున్నారు. ఇంటర్మీడియట్ దాటి డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన తొలి సంవత్సరంలోనే చాలామందికి దానితో పరిచయం కలుగుతుంది. వారిలో అధికశాతం వ్రాసే ప్రోగ్రాములు ఏవి? ప్రధాన సంఖ్యలు కనుక్కోవడం, ఫిబొనాచ్చీ వరుస ముద్రించడం, ఒక సంఖ్యను తిరగవేయడం. రికార్డు పుస్తకంలో ఎక్కించి, పరీక్షలో ఒప్పజెప్పి, ఫలితాలు వచ్చిన మరునాడు మరచిపోవడం. ఆ అభ్యాసాలు పనికిరానివని నేను అనను. కాని అవి ఎవరి అవసరాన్నీ తీర్చేవి కావు. సి నేర్చుకొనే ప్రతి తెలుగు విద్యార్థీ తన చేతులతో, తనవారికి పనికివచ్చే ఒక చిన్న సాధనాన్నైనా తయారుచేయాలని నా అభిప్రాయం. అక్షరాలు లెక్కపెట్టే సాధనం అందుకు తగిన ఆరంభం.

చిన్న సాధనమంటే ఏమిటి? బొమ్మలూ బొత్తాలూ లేని నల్లని తెర మీద ఆదేశాన్ని టైపు చేసి పని జరిపించుకొనే పద్ధతిని కమాండ్ లైన్ అంటారు. అక్కడ పనిచేసే ప్రోగ్రాములు మితభాషులు. అడిగినది చేస్తాయి, ఫలితం చెబుతాయి, తప్పుకుంటాయి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ మొదలుపెట్టిన యూనిక్స్ ఇటువంటి చిన్న సాధనాలతో పెరిగింది. పదాలనూ పంక్తులనూ లెక్కించే డబ్ల్యుసి 1971 నాటి తొలి యూనిక్స్ కరదీపికలోనే కనిపిస్తుంది. ఆ ప్రయోగశాలలోనే డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించాడు. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన రచించిన సి భాషా గ్రంథంలో మొదటి అధ్యాయంలోనే అక్షరాలను, పంక్తులను, పదాలను లెక్కించే ప్రోగ్రాములు ఉన్నాయి. సి నేర్పిన గురువులు లెక్కింపుతో పాఠం ప్రారంభించారన్నమాట. మనం చేయవలసినది ఆ పాఠాన్ని మన అక్షరానికి అన్వయించుకోవడమే.

ఈ సాధనాలకు మరొక సుగుణం ఉంది. ఒకదాని ఫలితం మరొకదానికి ముడిసరుకు అవుతుంది. డగ్ మెక్‌ల్రాయ్ సూచన మీద 1973లో యూనిక్స్‌లో ప్రవేశించిన ఈ ఏర్పాటును 'పైప్' అంటారు. కృష్ణా డెల్టాలో పుట్టినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. ఆనకట్ట దగ్గర బయలుదేరిన నీరు పెద్ద కాలువలోకి, కాలువ నుంచి తూము గుండా పంట బోదెలోకి, బోదె నుంచి మడిలోకి చేరుతుంది. ప్రతి తూమూ తన పని మాత్రమే చేస్తుంది. పై తూముకు క్రింది మడిలో ఏ పంట ఉన్నదో తెలియనవసరం లేదు. అయినా చివరి మడి తడుస్తుంది. ఒక సాధనం పాఠాన్ని అందిస్తుంది. రెండవది అక్షరాలు లెక్కిస్తుంది. మూడవది లెక్క తప్పిన పంక్తులను ఏరి చూపుతుంది. తూములో చెత్త అడ్డుపడితే నీరు ఆగినట్లే, ప్రోగ్రాము అనవసరమైన మాటలు ముద్రిస్తే తరువాతి ప్రోగ్రాము తికమకపడుతుంది. అందుకే మంచి సాధనం "స్వాగతం", "ధన్యవాదాలు" వంటి మర్యాదలు ముద్రించదు. సంఖ్య అడిగితే సంఖ్య మాత్రమే ఇస్తుంది. చెప్పవలసిన దోషమేదైనా ఉంటే దానికి వేరే దారి ఉంది; దోష సందేశాలు ఆ దారినే పోవాలి.

ఇక మన సాధనాన్ని నిర్మిద్దాము. సి భాషలో గెట్‌చార్ అనే ప్రమేయం లోనికి వచ్చే ప్రవాహం నుంచి ఒక్కొక్క బైటునే తీసి మన చేతిలో పెడుతుంది. తెలుగు గుర్తు ఏదైనా దాని మొదటి బైటు 224. రెండవది 176 గాని 177 గాని అవుతుంది. మూడవది 128కి, 191కి మధ్య ఉంటుంది. ఉదాహరణకు 'క' అంటే 224, 176, 149. కొమ్ముదీర్ఘం అంటే 224, 177, 130. ఈ మూడు బైట్ల పద్ధతి వెనుక ఒక ముచ్చట ఉంది. యూటీఎఫ్-8 అనే ఈ అమరికను 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి భోజనానికి వెళ్ళినప్పుడు, న్యూజెర్సీలోని ఒక హోటలు బల్ల మీద పరచిన కాగితంపై గీసి చూపాడు. ఆ కాగితం మీది లెక్కే నేడు మన తెలుగును ప్రపంచమంతటా మోస్తున్నది.

మూడు బైట్లను కలిపి గుర్తును పోల్చుకొన్నాక లెక్క చేయవలసిన నియమం సులభం. అచ్చు గాని హల్లు గాని వస్తే ఒకటి కలపాలి. గుణింతపు గుర్తులను, సున్నను, విసర్గను లెక్కించకూడదు. హల్లుకు ముందు పొల్లు గుర్తు ఉంటే ఆ హల్లు వత్తుగా మారింది కనుక దానినీ లెక్కించకూడదు. 'అ' మొదలు 'హ' వరకు సంకేతాలు 3077 నుంచి 3129 వరకు వరుసగా ఉన్నాయి. పొల్లు సంకేతం 3149. నియమమంతా పాతిక ముప్పయి పంక్తులలో ఇమిడిపోతుంది.

ఈ నియమాన్ని మన ఊళ్ళ పేర్లతోనే పరీక్షించవచ్చు. 'గుడివాడ'లో 7 గుర్తులు, 21 బైట్లు, 4 అక్షరాలు. 'దివిసీమ'కూ అదే లెక్క. 'మచిలీపట్నం'లో 10 గుర్తులు, 30 బైట్లు ఉన్నా అక్షరాలు 5 మాత్రమే. చివరి 'ట్నం'లోనే నాలుగు గుర్తులు దాగి ఉన్నాయి. 'కృష్ణ'లో 5 గుర్తులు, 2 అక్షరాలు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో 6 గుర్తులు, 18 బైట్లు. ఇంతవరకు సాధనం తప్పటడుగు వేయదు. ఇక్కడ ఆగిపోతే విద్యార్థి తాను గెలిచానని అనుకుంటాడు.

'విద్వాన్' అనే పదాన్ని ఇచ్చి చూడండి. సాధనం 3 అంటుంది. ఛందస్సు చదువుకొన్నవాడు 2 అంటాడు. గణవిభజనలో పొల్లు హల్లు విడిగా నిలవదు. తన ముందున్న అక్షరంతో చేరి దానిని గురువును చేస్తుంది. వి, ద్వాన్: రెండే. అయితే పత్రికలోని గళ్ళ నుడికట్టు పూరించేవాడు వి, ద్వా, న్ అని మూడు గళ్ళు నింపుతాడు. ఎవరి లెక్క సరి? ఇద్దరిదీ సరియే. అక్షరమంటే ఏమిటన్నది అడిగే పనిని బట్టి మారుతుందన్న సత్యం ఇక్కడ బయటపడుతుంది. ఈ నిర్ణయం సి భాష చేయలేదు. యూనికోడ్ సంస్థ చేయలేదు. తెలుగు తెలిసినవాడు చేయాలి.

చేసిన నిర్ణయాన్ని సాధనంలో ఎలా చూపాలి? అందుకే కమాండ్ లైన్‌లో ఐచ్ఛికాలు ఉన్నాయి. ఆదేశం ప్రక్కన ఒక చిన్న గీత గీసి, దాని వెంట ఒక అక్షరం చేరిస్తే ప్రోగ్రాము తన ప్రవర్తనను మార్చుకుంటుంది. సి భాషలోని మెయిన్ ప్రమేయానికి ఎన్ని మాటలు వచ్చాయో, ఆ మాటలేమిటో రెండూ అందుతాయి. పాఠ్యపుస్తకంలో ఎందుకున్నాయో తెలియక కంఠస్థం చేసిన ఆ రెండు పేర్లకు ఇప్పుడు అర్థం కలుగుతుంది. ఐచ్ఛికం లేకపోతే గళ్ళ లెక్క. ఉంటే ఛందస్సు లెక్క. ఛందస్సు లెక్కలో పొల్లు తరువాత హల్లు రాకపోతే, అంతకుముందు కలిపిన ఒకటిని తీసివేయాలి. రెండు మూడు పంక్తుల మార్పు. కాని ఆ మార్పు చేయడానికి యంత్రపాఠమూ, ఛందఃపాఠమూ రెండూ వచ్చి ఉండాలి. తెలుగు తరగతికి, కంప్యూటర్ తరగతికి మధ్య గోడ కట్టుకొన్న విద్యార్థికి ఇది సాధ్యం కాదు.

ఇంత చేసి ప్రయోజనమేమిటని అడగవచ్చు. ఊరి పేరులో అక్షరాలు లెక్కించడానికి వేళ్ళు చాలునుగదా! నిజమే. కాని కూచిపూడి ఒక్క పేరు కాదు. సిద్ధేంద్ర యోగి భామాకలాపం మొదలుకొని తరతరాల యక్షగానాలకు, కలాపాలకు ఆ గ్రామం పుట్టిల్లు. ఆ సాహిత్యంలో దరువులతో పాటు పద్యాలూ ఉన్నాయి. అటువంటి వ్రాతప్రతిని ఒకరు చూసి చదువుతుండగా మరొకరు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారనుకొందాము. ఎక్కడో ఒక అక్షరం జారిపోతుంది. వందల పంక్తులలో ఆ జారిన అక్షరాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20 అని మీరు చదువుకొన్నారు. పంక్తి పంక్తికీ అక్షరాల లెక్క చెప్పే సాధనం ఉంటే, ఉత్పలమాలలో 19 అక్షరాల పాదం కనిపించిన క్షణాన తప్పు ఎక్కడున్నదో తెలిసిపోతుంది. ఏ అక్షరం జారిందో సాధనం చెప్పలేదు. అది చెప్పవలసినది పండితుడు. ఎక్కడ వెదకాలో మాత్రం సాధనం చెబుతుంది. పండితుని కాలం ఆదా అవుతుంది; పద్యం నిలుస్తుంది. పరీక్ష కోసం బట్టీపట్టిన ఛందస్సు ఒక ఊరి సంపదను కాపాడే పనిముట్టు కావడం సామాన్య విషయం కాదు.

మరొక కారణం ఇంతకంటె గట్టిది. మన అక్షరాన్ని గురించి మనం పట్టించుకోకపోతే దాని భారం ఇతరుల మీద పడుతుంది. 2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞ'కు కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దాని వెంట ఒక దీర్ఘం చేరిన వరుస సందేశంగా వస్తే, ఆపిల్ సంస్థవారి ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆ సంస్థ అదే నెలలో లోపాన్ని సవరించింది. జ్ఞానానికి మొదటి అక్షరమే ప్రపంచపు ఫోన్లను తడబడజేసిందని అప్పట్లో చాలామంది నవ్వుకొన్నారు. నవ్వి ఊరుకొనే విషయం కాదది. ఒక లిపి కట్టుబాట్లను లోతుగా తెలిసినవారు పరీక్షించకపోతే అటువంటి లోపాలు గుప్తంగా మిగిలిపోతాయి. సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా పరిగణించే నియమం యూనికోడ్‌లో తెలుగుకు చేరినది 2023లో వెలువడిన 15.1 సంచికతోనే. 1991లో మన లిపికి చోటు దొరికింది. 'ధ్ర' ఒక్కటేనని అంగీకారం కుదరడానికి 32 సంవత్సరాలు పట్టింది.

అలాగని మనవారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. తెలుగు మీటల సౌకర్యం లేని కాలంలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు రోమను లిపిలో తెలుగు వ్రాయడానికి ఆర్.టి.ఎస్. అనే పద్ధతిని ఏర్పరచారు. 2006లో వీవెన్ రూపొందించిన లేఖిని ద్వారా ఎందరో తెలుగులో వ్రాయడం ప్రారంభించారు. పద్యమిస్తే గణాలు విడదీసి చూపే 'ఛందం' వంటి సాధనాలూ నేడు ఉన్నాయి. వీటి వెనుక పెద్ద సంస్థల పెట్టుబడులు లేవు. తమకు కావలసినది లేదని గ్రహించిన కొద్దిమంది దానిని తామే చేసుకొన్నారు. ఆ కొద్దిమందిలో మీరెందుకు ఉండరాదు?

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. సి పాతబడిన భాష. అందులో తప్పులకు అవకాశం ఎక్కువ. పైథాన్ వంటి భాషలలో సులభంగా చేయవచ్చునన్నది మొదటిది. సి భాషలో అజాగ్రత్త ప్రమాదకరమన్న మాట నిజం. తనకు కేటాయించిన చోటు దాటి వ్రాసినా అది వారించదు. పెద్ద పనులకు ఇతర భాషలు అనువైనవన్నదీ నిజమే. కాని పైథాన్‌లో 'కూచిపూడి' పొడవు ఎంత అని అడిగితే అదీ 8 అనే అంటుంది. ఎందుకన్నదో మాత్రం చెప్పదు. సి భాషలో బైట్లు ఒక్కొక్కటే మన చేతి మీదుగా పోతాయి కాబట్టి ఎందుకన్నది మనమే తెలుసుకొంటాము. నడక నేర్చుకొనేవాడికి నేల తగలాలి. ఆ తరువాత ఏ వాహనమెక్కినా మంచిదే.

రెండవ అభ్యంతరం ఈ కాలానిది. అడిగితే ప్రోగ్రాములు వ్రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చాక విద్యార్థి శ్రమ ఎందుకు అంటారు. అడగండి, అది వ్రాసి ఇస్తుంది. కాని 'విద్వాన్' అనే పదానికి 3 అని వస్తే, అది తప్పో ఒప్పో ఎవరు చెప్పాలి? పొల్లును ఏమి చేయాలో ముందుగానే అడగవలసి ఉందని ఎవరికి తోచాలి? లెక్క చేసేవాడు ఎవరైనా కావచ్చు. లెక్కను సరిచూసేవాడికి మాత్రం విషయం తెలిసి ఉండాలి. ఒక్కసారైనా తన చేతితో చేసినవాడికే ఆ చూపు అలవడుతుంది. చేయించుకోవడం సులభమైన కొద్దీ సరిచూడడం విలువైన విద్య అవుతుంది.

కూచిపూడి నాట్యం నేర్చుకొనే బాలిక మొదటి రోజునే రంగస్థలం ఎక్కదు. ముందుగా అడవులు నేర్చుకుంటుంది. ఒక్కొక్క అడవు ఒక చిన్న కదలిక. అది సరిగా కుదిరేవరకు గురువు తాళం ఆగదు. అడవులు కలిసి జతులవుతాయి. జతులు కలిసి నృత్యమవుతుంది. ఇత్తడి పళ్ళెం అంచున నిలిచి తరంగం ఆడే నర్తకి పాదాలలో ఆ మొదటి అడవులే పలుకుతాయి. ముప్పయి పంక్తుల సాధనం కూడా ఒక అడవు వంటిది. చిన్నదే, కాని సరిగా ఉండాలి.

విద్యార్థులారా! ఈ సాయంత్రమే ప్రారంభించండి. మీ ఊరి పేరును ఒక పంక్తిలో వ్రాసి మీ ప్రోగ్రాముకు ఇవ్వండి. మొదటిసారి తప్పు సంఖ్య వస్తుంది. పొల్లు దగ్గరో, వత్తు దగ్గరో ఎక్కడ తప్పిందో వెదకండి. ఊరి పలక ముందు పిల్లవాడు వేళ్ళ మీద చెప్పిన సంఖ్యను మీ యంత్రం చెప్పేవరకు దిద్దండి. చెప్పిన రోజున మీకు ఒక సాధనం చిక్కుతుంది. కూచిపూడికి నాలుగే అక్షరాలని ఒక యంత్రానికి నేర్పిన తృప్తి దక్కుతుంది.